కార్డు రంగు కాదు మామా, పంచాంగం చూడు

రేయ్ మామా,

నీ మెసేజ్ మూడు రోజుల కిందే చూశాను. "హోటల్ పాయింట్లతో బీచ్ రిసార్ట్‌లో ఫ్రీగా ఉండొచ్చంట కదా, ఎట్ల?" అని ఒక్క లైను కొట్టి ఊరుకున్నావు. అది ఒక్క లైనులో తేలే సంగతి కాదు, అందుకే అమ్మ, పాప పడుకున్నాక కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. మళ్లీ ఫోన్ చేసి "పొడుగ్గా ఉంది, షార్ట్‌గా చెప్పు" అన్నావంటే మాత్రం ఊరుకోను.

నిజానికి మన తిరుపతోళ్లకు ఈ లాయల్టీ గోల, అంటే ఒకే హోటల్ కంపెనీలో ఎక్కువ రాత్రులు ఉండేవాళ్లకు పాయింట్లు, సిల్వర్, గోల్డ్ అని హోదాలు ఇచ్చే పద్ధతి, ఎవరూ నేర్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. సర్వదర్శనం లైను ఒకటి, 300 రూపాయల టికెట్టు లైను ఒకటి, శ్రీవాణి ట్రస్టుకు 10,000 ఇచ్చినోళ్లది ఒకటి, సిఫార్సు లెటర్ పట్టుకొచ్చే బ్రేక్ దర్శనం వాళ్లది ఇంకొకటి. కొండమీద సీఆర్వో ఆఫీసు ముందు 50 రూపాయల గది కోసం రాత్రంతా కూర్చున్నోళ్లం మనం. నువ్వు అక్కడే నా చెప్పుల సంచి తల కింద పెట్టుకుని నిద్రపోయావు, గుర్తుందా? అలాంటి వాడికి "అప్‌గ్రేడ్ సబ్జెక్ట్ టు అవైలబిలిటీ" అంటే అర్థం చెప్పాలా? ఇంకా మంచి గది ఖాళీ ఉంటే ఇస్తాం, లేకుంటే గోవిందా అని.

నా పాయింట్ల కథ ఇది. శ్రీసిటీలో ఉద్యోగం కదా, సప్లయర్ల కోసం నెలకు మూడు నాలుగు రాత్రులు చెన్నైలోనో, పూణేలోనో పడుకోవాల్సి వస్తుంది. డబ్బు కంపెనీది, నిద్ర నాది, పాయింట్లు కూడా నావే. మొదటి ఏడాది అసలు ఏమీ పడలేదు. మా ట్రావెల్ డెస్క్ వాళ్లు ఏజెంటు ద్వారా బుక్ చేసేవాళ్లు, నేను కౌంటర్లో గొప్పగా మెంబర్ నంబర్ చెప్పేవాణ్ని, వాళ్లు నవ్వి రాసుకునేవాళ్లు, అంతే. ఇలాంటి బుకింగులకు మామూలుగా పాయింట్లూ రావు, రాత్రులూ లెక్కలోకి రావు. ఆ సంగతి తెలిశాక ట్రావెల్ డెస్క్ అమ్మాయికి అర కిలో మైసూర్‌పాక్ పట్టుకెళ్లి, హోటల్ సొంత సైట్‌లోనే కంపెనీ కోడ్‌తో బుక్ చేయమని బతిమాలాను. కంపెనీకి ధర అదే, నాకు మాత్రం లెక్క మారిపోయింది. ఏడాది తిరిగేసరికి గోల్డ్ వచ్చింది.

గోల్డ్ అనగానే నువ్వు ఏదో ఊహించుకోకు. నేనూ ఊహించుకునే దెబ్బతిన్నాను. మారియట్ హోటళ్ల ప్రోగ్రాం బాన్వాయ్ తీసుకో, ఏడాదికి 10 రాత్రులకు సిల్వర్, 25కి గోల్డ్, 50కి ప్లాటినం. గోల్డ్ వాడికి పాయింట్లు పాతిక శాతం ఎక్కువ, వీలైతే మధ్యాహ్నం 2 దాకా గది, వీలైతే కాస్త మంచి గది. ఆ "వీలైతే" ఉంది చూశావూ, ప్రోగ్రాం మొత్తం దానిమీదే నడుస్తుంది. ఉచిత టిఫిన్ కావాలంటే ప్లాటినం దాకా పోవాలి. ఇంటర్‌కాంటినెంటల్ వాళ్ల ఐహెచ్‌జీలో అయితే ఇంకా దారుణం, టిఫిన్ డైమండ్ వాళ్లకే, దానికి 70 రాత్రులు. ఏడాదిలో 70 రాత్రులు ఇల్లు వదిలి తిరిగేవాడికి ఇడ్లీ ఫ్రీగా ఇస్తే ఏం, ఇవ్వకుంటే ఏం?

సరే, అసలు కథకొస్తా. పోయినేడు మే నెలలో పాపకు సెలవులని, అమ్మ కూడా సముద్రం చూసి చాలా కాలమైందని మహాబలిపురం పోదామనుకున్నాం. చెన్నై నుంచి మహాబలిపురం పోయే సముద్రపు రోడ్డు, ఈసీఆర్ మీద నీకు తెలిసినవే, కోవళంలో తాజ్ ఫిషర్‌మన్స్ కోవ్, ఆ తర్వాత షెరటన్, ఇంటర్‌కాంటినెంటల్, ఊళ్లోకి పోతే రాడిసన్ టెంపుల్ బే. ఒక్కోటి ఒక్కో ప్రోగ్రాం, ఒకదాని పాయింట్లు ఇంకోదాంట్లో చెల్లవు. నేను పోయింది ఏదో పేరు రాయను. ఎందుకో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

రెండు తప్పులు చేశాను. ఒకటి, ఏదో యాప్‌లో 600 రూపాయలు తక్కువ చూపిస్తోందని అందులో బుక్ చేశాను. ట్రావెల్ డెస్క్‌కు మైసూర్‌పాక్ పెట్టి నేర్చుకున్న పాఠాన్ని సొంత జేబు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను, చూడు. రెండోది ఇంకా పెద్దది. శనివారం, అదీ వైశాఖంలో మంచి ముహూర్తం ఉన్న శనివారం.

తిరుత్తణి, అరక్కోణం, కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా పోయాం. అలా పోతే చెన్నై ట్రాఫిక్ తగలదు, నువ్వూ అలాగే రా. దారంతా నా భార్యకు గోల్డ్ గురించి చెబుతూనే ఉన్నా, సముద్రం వైపు బాల్కనీ ఇస్తారు చూడు అని. గేటు దగ్గరికి పోయేసరికి అరటిచెట్లు కట్టి ఉన్నాయి. నాదస్వరం వినిపిస్తోంది. అప్పుడే నా గుండె జారింది.

రిసెప్షన్లో కుర్రాడికి ఫోన్లో గోల్డ్ కార్డు చూపించా. మన చిత్తూరు తమిళంలో అడిగితే పని అవుతుందని తమిళంలో కూడా అడిగా. అతను పాపం మర్యాదగానే, "సార్, మీది యాప్ బుకింగ్, నంబర్ ఎక్కించినా లాభం లేదు" అన్నాడు. ఇచ్చిన గది వంటింటి వెనకాల. కిటికీ తీస్తే సముద్రం కాదు, గ్యాస్ సిలిండర్లు. రాత్రి పన్నెండు దాకా పెళ్లి రిసెప్షన్ పాటలు, తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ మేళం. అమ్మ మాత్రం "పెళ్లి బాగా చేస్తున్నార్రా" అని సంబరంగా కూర్చుంది. నా భార్య ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత కష్టమో నీకు తెలుసుగా.

పొద్దున చెక్-అవుట్ అప్పుడు కౌంటర్లో వేరే మనిషి ఉన్నాడు, కాస్త పెద్దాయన, మేనేజరు. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, మనసు విప్పి మాట్లాడాడు. పెళ్లివాళ్లు ఒక్కసారే 40 గదులు తీసుకున్నారట, సముద్రం వైపువన్నీ పెళ్లికొడుకు తరఫు వాళ్లకే పోయాయట. "మీరు గోల్డ్ కాదు సార్, దానికి పైన ఇంకేదైనా అయినా, లేని గది ఎక్కడ్నుంచి తెచ్చేది? మా దగ్గర పొద్దున అరైవల్స్ లిస్టు తీస్తాం, అమ్ముడుపోని పెద్ద గదులు ఎన్ని ఉన్నాయో చూస్తాం, ఆ రోజు వచ్చే మెంబర్లలో పెద్ద స్టేటస్ వాళ్ల నుంచి కిందికి పంచుతాం. గదులు మిగిలితేనే ఈ పంపకం. ఆడిలో రండి, చూడండి" అన్నాడు.

అదీ సంగతి మామా. మనకు ఆషాఢం ఎట్లనో తమిళులకు ఆడి మాసం అట్ల. జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా పెళ్లిళ్లు ఉండవు. మన శ్రావణం మొదలై మన వాళ్లు మళ్లీ పెళ్లిళ్లు మొదలుపెట్టినా వాళ్లకు ఆడి ఇంకా నడుస్తూనే ఉంటుంది. బడులు కూడా తెరిచేసి ఉంటాయి. ఈసీఆర్ రిసార్టులు చెన్నై వాళ్ల వీకెండ్‌లమీదా, పెళ్లిళ్లమీదా బతుకుతాయి, రెండూ లేని రోజు ఏది? ఆడి మాసంలో మంగళ, బుధవారాలు. మార్గళిలోనూ, అంటే మన ధనుర్మాసంలో, వాళ్లకు పెళ్లిళ్లు లేవు కానీ అప్పుడు క్రిస్మస్, న్యూ ఇయర్, తర్వాత పొంగల్ అని జనం తోసుకుంటారు, అది వదిలెయ్. ఇంటికొచ్చాక అమ్మ దగ్గరున్న తమిళ క్యాలెండరు, మన పంచాంగం రెండూ పక్కన పెట్టుకుని తేదీ చూశాను. నా భార్య "పెళ్లికి ముహూర్తం చూస్తారు, నువ్వు పెళ్లి లేని ముహూర్తం చూస్తున్నావు" అంది.

ఈసారి పాయింట్లతో, వాళ్ల సైట్‌లోనే. ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి, నీకు లెక్కలంటే పడవని తెలుసు, అయినా విను. ఆ రోజుకు గది 14,000 చూపించింది. 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే 2,520 కలిపి 16,520. పాయింట్లు 22,000 అడిగారు. అంటే పాయింటుకు 75 పైసలు వచ్చినట్టు, బాగుంది, కొట్టేశా. అదే ఇంకో రోజు 7,400కే గది ఉంటే? 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 దాకా జీఎస్టీ 5 శాతమే కాబట్టి మొత్తం 7,770. దానికి 22,000 పాయింట్లు తగలేస్తే పాయింటుకు 35 పైసలు, దండగ, అప్పుడు డబ్బే కట్టు. ఇంకో తమాషా చూడు, 7,400 గదికి బిల్లు 7,770, అదే 7,600 గదికి 8,968. ధరలో తేడా 200, జేబులో తేడా దాదాపు 1,200. 7,500 గీతకు అటూ ఇటూ ఉన్న గదులు కనిపిస్తే కింది దాన్ని టక్కున పట్టేయ్.

పాయింట్ల ధర కూడా రోజుకో రకం. మారియట్ వాళ్లు హోటలుకు ఇన్ని పాయింట్లు అనే పట్టికను 2022లో తీసేశారు, అప్పటి నుంచి రద్దీని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. వాళ్ల దగ్గర వరసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగింటికే లెక్క, కానీ మహాబలిపురంలో ఐదు రాత్రులు ఏం చేస్తావు, రాళ్లు చెక్కుతావా? ఇంకోటి, 24 నెలలు ఏ కదలికా లేకుంటే పాయింట్లు మొత్తం పోతాయి. నీ పాత కంపెనీ రోజుల్లో చేరావు కదా, ఈ రోజే లాగిన్ అయి చూడు. తాజ్ అయితే టాటా న్యూకాయిన్లు, ఒక కాయిన్‌కు ఒక రూపాయి, బుర్ర పెట్టే పనే లేదు, నీలాంటి వాడికి అదే మేలేమో.

ఆడి బుధవారం పోయాం. రెండు రోజుల ముందు మెయిల్ పెట్టాను, పొడుగ్గా కాదు, నాలుగు ముక్కలు: మెంబర్ నంబరు, వచ్చే టైము, అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, వీలుంటే సముద్రం వైపు గది. పోయేసరికి అదే పెద్దాయన! నన్ను గుర్తుపట్టాడో లేదో కానీ "విల్లా ఇస్తున్నాను సార్, సొంత చిన్న పూల్ ఉంటుంది" అన్నాడు. నా మొహం ఎట్ల వెలిగిందో నువ్వు చూసుండాల్సింది. ఫోన్ తీసి నీకు ఫొటో పెట్టబోయా కూడా.

అప్పుడు నా భార్య నెమ్మదిగా అడిగింది, "అది ఎక్కడుంది?" అని. చివర్లో ఉంది. టిఫిన్‌కు పోవాలంటే బగ్గీకి ఫోన్ చేసి ఎదురుచూడాలి. అమ్మ ఆ బగ్గీ ఎక్కనే ఎక్కదు, పడిపోతానని భయం. పాపకు నాలుగేళ్లు, గుమ్మం బయటే పూల్ పెట్టుకుని రాత్రి కన్నుమూసేది ఎట్ల? రెండు నిమిషాలు ఆలోచించి, గుండె రాయి చేసుకుని, "విల్లా వద్దు సార్, డైనింగ్ హాలుకు దగ్గరగా, కింద అంతస్తులో, సముద్రం కనపడే మామూలు గది ఉంటే చాలు" అన్నాను. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, అదే ఇచ్చాడు. పైగా అడగకుండానే మరుసటి రోజు సాయంత్రం 4 దాకా గది ఉంచుకోమన్నాడు. అమ్మ ఆ నాలుగు గంటల దాకా వరండాలో కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ పక్క గదుల వాళ్లందరి ఊర్లు కనుక్కుంది. ఒకామె పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి మన వైపు వచ్చిందంట, ఇంక చూస్కో.

ఒక్కచోట మాత్రం చిన్న చురక తగిలింది. పాయింట్ల గది ఇద్దరు పెద్దవాళ్లకే. అమ్మకు ఎక్స్‌ట్రా బెడ్ డబ్బు, మా ముగ్గురి టిఫిన్ డబ్బు విడిగా కట్టాను, పాపకు అడగలేదు. ఫ్రీ అని బయల్దేరినోడికి చివర్లో బిల్లు వస్తే కడుపు మండుతుంది, కాబట్టి ఎంతమంది వస్తున్నారో బుకింగ్ అప్పుడే చెప్పి ఎంతవుతుందో మెయిల్లో రాయించుకో. మీ ఇద్దరే అయితే ఎక్స్‌ట్రా బెడ్ బాధ లేదు. సముద్రంలో మాత్రం దిగొద్దు, అక్కడ లాగేస్తుంది, మోకాలి దాకా చాలు.

ఇప్పుడు నీ సంగతి. ఆమధ్య చెల్లెమ్మకు పదో పెళ్లిరోజుకు సర్‌ప్రైజ్ అన్నావు, తేదీ ఎంత? నాకు గుర్తున్నంతవరకు ఫిబ్రవరి. మాఘమాసం, రేయ్! మీ పెళ్లే ఆ ముహూర్తాలకు జరిగింది, ఆ రోజు ఊళ్లో మండపం దొరక్క మీ మామ ఎంత తిరిగాడో మర్చిపోయావా? ఆ తేదీకి ఈసీఆర్ మీద విల్లా అప్‌గ్రేడ్ ఆశ పెట్టుకోకు. పెళ్లిరోజు ఏ వారం పడిందో చూసి, ముందూ వెనకా ముహూర్తం లేని మంగళవారం ఒకటి వెతుకు, చెల్లెమ్మ ఒప్పుకోకపోతే ఆ రోజుకే డబ్బు కట్టి మంచి గది నేరుగా తీసుకో, అప్‌గ్రేడ్‌ను నమ్ముకోకు. నీ దగ్గర ఏ ప్రోగ్రాంలో ఎన్ని పాయింట్లు ఉన్నాయో స్క్రీన్‌షాట్ పంపు, లెక్క నేను వేస్తా.

వచ్చేటప్పుడు మా ఇంట్లో ఒక రాత్రి ఆగాల్సిందే. మేడమీద గది, కిటికీలోంచి కొండ కనపడుతుంది, లేట్ చెక్-అవుట్ కూడా ఉంది. దర్శనం టికెట్ల మాట మాత్రం ఎత్తొద్దు, నీకోసం ఇప్పటికే ఇద్దరి దగ్గర మాట పోగొట్టుకున్నా.

నీ
తిరుపతోడు