పర్లాకిమిడి తెలుగు సభ్యులకు 2025–26 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యవర్గ మిత్రులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల ఆదివారపు తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. వాటికి శ్రమపడ్డవారందరికీ కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. ఈ ఏడాది కొత్తగా తలపెట్టిన పని కంప్యూటర్ల ఉచిత మరమ్మతు శిబిరం. నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పిన ఊరు మనది. ఏటా పటానికి దండ వేసి, రెండు ఉపన్యాసాలతో ముగించేవాళ్లం. ఈసారి ఆ వెంటనే వచ్చిన ఆదివారం శిబిరం పెట్టాం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని అప్పటికే అందరికీ తెలుసు. మన ఇళ్లలో ఉన్నవి చాలావరకు బరంపురం నుంచో విశాఖ నుంచో కొన్న పాత యంత్రాలు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. అవి లేవని మంచి యంత్రాన్ని పాత సామాన్లవాడికి వేయనక్కర్లేదని చూపించాలనుకున్నాం.

వాడిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. ఉచితం అంటే దొంగ నకలు అని కొందరు అనుకుంటున్నారు, కాదు. స్కాన్ ఉచితంగా చేసి, ‘మీ కంప్యూటర్లో వెయ్యి లోపాలున్నాయి, బాగుచేయడానికి డబ్బు కట్టండి’ అని బెదిరించే రకాన్ని మేం దగ్గరికి రానివ్వలేదు. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు వద్దని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. రిజిస్ట్రీ శుభ్రం చేస్తే యంత్రం వేగం పెరగదు, అవసరమైన నమోదు (కీ) ఒక్కటి పోతే విండోస్ లేవకుండా పోతుంది. సాధనాన్ని దాని తయారీదారుల సొంత సైటు నుంచే దించాలి. దించాక సెవెన్‌జిప్‌తో షా-256 విలువ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటిది) తీసి, సైటులో ఇచ్చినదానితో పోల్చాలి. ప్రకటనల మధ్య మెరిసే పచ్చటి ‘డౌన్‌లోడ్’ బొత్తం నొక్కినవారి యంత్రాల్లోనే చెత్త ఎక్కువగా దొరికింది.

మూడు బల్లలు వేశాం. మొదటి బల్ల మీద డిస్కు ఆరోగ్యం, సమాచారం నకలు. రెండో బల్ల మీద మెమరీ, దుమ్ము, బ్యాటరీ. మూడో బల్ల మీద విండోస్. మొదటి బల్ల దాటకుండా ఏ యంత్రమూ మూడో బల్లకు వెళ్లకూడదన్నది నియమం. దీనిమీద కొందరు సభ్యులు విసుక్కున్నారు, కానీ ఈ ఒక్క నియమం వల్లే ఆ రోజు ఎవరి ఫొటోలూ పోలేదు.

మొదటి బల్ల మీద క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్కు ఆరోగ్యం చూపే సాధనం) తెరిచి మూడు అంకెలు చూశాం. 05 అంటే పాడైన చోటు బదులు వేరే చోటు కేటాయించిన సెక్టార్లు (డిస్కులోని చిన్న చిన్న గళ్లు). సీ5 అంటే చదవలేక పెండింగులో ఉన్నవి. సీ6 అంటే ఇక సరికానివి. ఈ విలువలు మామూలుగా పదహారు ఆధారంగా కనిపిస్తాయి, సెట్టింగుల్లో పదికి మార్చుకోకపోతే 10ని పది అని చదివి పొరబడతారు, నిజానికి అది పదహారు. సీ5 సున్నా కాకపోతే ఆ డిస్కు మీద మరే మరమ్మతూ మొదలుపెట్టకూడదు, ముందు నకలు తీయాలి. లోపలి నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తే కరెంటు తీసేయడం తప్ప ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు.

మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని కూడా ఈ బల్ల మీదే జరిగింది. సంఘం బీరువాలోని 500 జీబీ డిస్కులో మన పాత ఉగాది సంచికలన్నీ ఉన్నాయి. దానికి సీ5 పెరిగి పసుపు హెచ్చరిక వచ్చింది. శిబిరానికి ముందే ఎవరో మంచి మనసుతోనే దాని మీద విండోస్ సొంత డిస్కు మరమ్మతు ఆదేశం చెక్‌డిస్క్ ‘/ఆర్’ మొదలుపెట్టారు. చావుకు దగ్గరపడ్డ డిస్కుకు అది విషం. ప్రతి సెక్టారునూ పట్టిపట్టి చదివిస్తుంది, పైగా ఫైళ్ల పట్టికను సరిచేస్తున్నానని అదే డిస్కు మీద రాస్తుంది. మధ్యలో ఆపించి, సిస్టమ్‌రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో (విండోస్ లేకుండా యంత్రాన్ని లేపే లినక్స్) లేపి, చెడిన డిస్కుకు నకలు తీసే డీడీరెస్క్యూ నడిపాం.

పద్ధతి రాసి ఉంచుతున్నాను, మళ్లీ అవసరపడుతుంది. నకలు వెళ్లే డిస్కు అసలుదాని కంటే చిన్నది కాకూడదు, మేం 1 టీబీది కొన్నాం. యూఎస్‌బీ అడాప్టర్ మధ్యలో జారిపోతుంది కాబట్టి రెండు డిస్కులనూ సాటా కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డుకే తగిలించాలి. ఏది అసలు, ఏది నకలు అన్నది డిస్కుల జాబితా చూపే ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆదేశంలో సైజు, మోడల్ చూసి ఇద్దరు విడివిడిగా నిర్ధారించాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి సంచికల మీద కూర్చుంటుంది. మొదటి విడత, చెడ్డచోట్లను తర్వాతకు వదిలేయమని, డీడీరెస్క్యూను ‘-ఎన్’తో నడిపి, బాగున్న భాగమంతా ముందు లాగేయాలి. ఆ తర్వాత అదే మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు నకలు అయిందో రాసుకునే ఫైలు) ఇచ్చి ‘-ఆర్3’తో, చెడ్డచోట్లను మూడుసార్లు ప్రయత్నించమనాలి.

మ్యాప్‌ఫైల్‌ను తప్పకుండా వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. సిస్టమ్‌రెస్క్యూ తెరలో సేవ్ చేసినట్టు కనిపించేది నిజానికి ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే దానితోపాటే పోతుంది. ఆ మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయింది. మ్యాప్‌ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంది కనుక ఆగినచోటి నుంచే మళ్లీ సాగింది.

నకలు వచ్చాక ఆ నకలు మీదే టెస్ట్‌డిస్క్ అనే సాధనంతో పార్టిషన్ (డిస్కు విభాగాల పట్టిక) సరిచేశాం, అసలు డిస్కును మళ్లీ ముట్టుకోలేదు. పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ కూడా వాడవచ్చుగానీ అది ఫైళ్ల పేర్లను తేలేదు, ఏది ఏ సంవత్సరపు సంచికో తెలియకుండా పోతుంది. అందుకే దాన్ని చివరికి ఉంచుకున్నాం. సంచికలు అన్నీ దక్కాయి, ఒక్క ముఖచిత్రం మాత్రం సగం చెడిపోయింది.

ఫైళ్లు వచ్చినంత మాత్రాన సంచిక రాదు. అవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. నకలులోని విండోస్ ఫోల్డర్ నుంచి ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా విడిగా తీసి దాచాం. డీటీపీ పనిచేసే సభ్యులకు మనవి: ఫార్మాట్ చేసేముందు మీ అను ఫాంట్లను, ఒడియా వారైతే ఆకృతి ఫాంట్లను పక్కకు కాపీ చేసుకోండి. యూనికోడ్‌లోకి మార్చే పని నడుస్తోంది. ఒత్తులు తారుమారవుతున్నాయి, మనిషి చదివి దిద్దక తప్పదు. దిద్దడానికి చేతులెత్తినవారిలో ఇప్పటివరకు ఇద్దరే కూర్చున్నారు.

రెండో బల్ల సంగతి క్లుప్తంగా. గడియారం వెనక్కు పోయి, ఏ సైటూ తెరుచుకోక ‘సర్టిఫికెట్ లోపం’ చూపే యంత్రాలకు మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చితే చాలింది. మెమరీకి మెమ్‌టెస్ట్86+ పరీక్ష కనీసం ఒక పూర్తి పాస్ (ఒక పూర్తి చుట్టు) నడపాలి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామ్ స్టిక్కులు తీసి, బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటే పెట్టి మళ్లీ పరీక్షించాలి. విండోస్ మాటిమాటికి నీలితెర చూపుతోందని మూడుసార్లు ఫార్మాట్ చేయించిన ఒక యంత్రంలో తప్పంతా ఒక స్టిక్కుదే.

మూడో బల్ల మీద ఆటోరన్స్‌తో, యంత్రంతోపాటే లేచే అనవసరపు ప్రోగ్రాములకు టిక్కు తీశాం. తీయడమే, డిలీట్ చేయడం కాదు, పొరపాటైతే మళ్లీ పెట్టుకోవచ్చు. తర్వాత విండోస్ ఫైళ్లను బాగుచేసే దాని సొంత ఆదేశాలు రెండు: ముందు డిజం ‘రిస్టోర్‌హెల్త్’, ఆపైన ఎస్‌ఎఫ్‌సీ ‘స్కాన్‌నౌ’, ఈ వరుసలోనే. మొదటిది మూల నిల్వను సరిచేస్తుంది, రెండోది అందులోంచే మంచి ఫైళ్లు తెచ్చి పెడుతుంది. డిజంకు ఇంటర్నెట్ కావాలి. గది, కరెంటు, ఇంటర్నెట్ ఇస్తామన్న అధికారికి మూడుసార్లు అర్జీ పెట్టాం. తాళం చెవి మధ్యాహ్నానికి చేరింది, ఇంటర్నెట్ చేరనే లేదు. తాళం చెవి వచ్చేదాకా వరండాలోనే పని జరిగింది, డిజం సభ్యుల ఫోన్ల హాట్‌స్పాట్ మీద నడిచింది. ఈ మాట మినిట్స్‌లో రాయాలని కోరుతున్నాను.

విండోస్ 11కు సరిపోని యంత్రాల్లో, బ్రౌజరు, తెలుగు టైపింగు మాత్రమే వాడేవారికి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాం. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ యంత్రాలను మాత్రం విండోస్‌లోనే ఉంచి, ఇంటర్నెట్‌కు తగిలించవద్దన్నాం. విండోస్ 10లోనే ఉండేవారు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు గడువు ఉంటుంది. ఇంకా చేరనివారు ఈ వారమే చేరండి. కొత్త ల్యాప్‌టాప్‌లున్నవారు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీని ఈ రాత్రే కాగితం మీద రాసుకోండి. అది లేకుండా డిస్కు ఊడదీస్తే లోపలిది ఎవరూ చదవలేరు.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు పంచారు, ఆడిటరు సంతకం అయింది. శిబిరం ఖర్చులో పెద్దది ఆ 1 టీబీ డిస్కు, మిగిలినది బ్యాటరీలు, థర్మల్ పేస్టు, కుర్చీల అద్దె. చందా బకాయిలున్నవారు ఈ సభ ముగిసేలోగా కట్టాలి.

కృతజ్ఞతలు. తన దుకాణానికి గిరాకీ తగ్గుతుందని తెలిసీ సాటా కేబుళ్లు, రెండు ఎస్‌ఎంపీఎస్‌లు (కరెంటు సరఫరా పెట్టెలు) అరువిచ్చి, తానూ వచ్చి రోజంతా నిలబడిన మరమ్మతు దుకాణం యజమాని గారికి మొదట. లినక్స్ ఇన్‌స్టాల్ చేసిన కాలేజీ పిల్లలకు, వారితో వచ్చిన ఒడియా మిత్రులకు. పులిహోర, పెరుగన్నం పంపిన మహిళా విభాగానికి. గుణుపురం, కాశీనగరం నుంచి బస్సులో సీపీయూలు మోసుకొచ్చిన సభ్యులకు.

సాయం చేస్తామని పేర్లు రాయించుకుని రానివారు వచ్చినవారి కంటే ఎక్కువ. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ రెండో బల్ల మీద ఒక్కరే సాయంత్రం దాకా నీళ్లు కూడా తాగకుండా ఉండిపోయారు. వచ్చే ఏడు రాలేనివారు శుక్రవారంలోగా చెప్పాలి, ఆ స్థానంలో మరొకరిని చూసుకుంటాం.

శిబిరంలో ఇచ్చిన వెంటాయ్ పెన్‌డ్రైవ్‌లు (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా సిస్టమ్‌లను లేపేవి) సంఘం ఆస్తి. ఇంకా తిరిగి రానివి సభ ముగిసేలోగా కోశాధికారి గారికి అందజేయగలరు. వాటిని ఫార్మాట్ చేసి ఇవ్వకండి, లోపలి ఐఎస్‌ఓలన్నీ (ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) మళ్లీ దించుకోవాల్సి వస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి