వచ్చే నెల నుంచి మా సంగీత తరగతుల్లో మార్పులు

మా దగ్గర కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు, పెద్ద విద్యార్థులకు నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఒక్కో తరగతిలో నలుగురికి మించి విద్యార్థులు ఉండరు, అందువల్ల నెల ఫీజు కూడా పెరుగుతుంది. ఈ నిర్ణయం వెనుక ఉన్న కారణాన్ని మీకు దాపరికం లేకుండా చెప్పడం మా బాధ్యత.

సంగీతం చెప్పే గురువు అన్నిటికన్నా ముందు అలవరచుకోవలసింది, తాను పాడడం తగ్గించి శిష్యుడు పాడేది వినడమని నా నమ్మకం. పదిమంది కలిసి సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) పాడుతుంటే ఇంపుగానే ఉంటుంది గాని, ఎవరి రిషభం (రి స్వరం) పైకి జారిందో ఆ గుంపులో పట్టుకోవడం చాలా కష్టం. పాఠం మొదలయ్యే మాయామాళవగౌళ రాగంలో, అంటే 15వ మేళకర్తలో (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల్లో పదిహేనవదానిలో), శుద్ధ రిషభం షడ్జమానికి (స) బాగా దగ్గరగా, అంతర గాంధారం (గ) ఆ రిషభానికి బాగా ఎడంగా ఉంటాయి కాబట్టి ఆ తేడా పిల్లల చెవికి తేలిగ్గానే అందుతుంది. అది గొంతులో నిలిచిందో లేదో మాత్రం బిడ్డ ఒంటరిగా పాడినప్పుడే తెలుస్తుంది. అందుకే ఇకపై ప్రతి తరగతిలో ప్రతి విద్యార్థీ విడిగా పాడాలి, ఆ సమయంలో గురువు గొంతు కలపకుండా తాళం మాత్రమే వేయాలి.

శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయి) విషయంలో శిష్యుడి దగ్గరకు గురువే రావాలి. ఐదు శ్రుతిలో హాయిగా పాడగల చిన్నపాపను గురువు తనకు అనువైన ఒకటి శ్రుతికి దించితే, కింది స్వరాలు అందక ఆ పాప తనకు గొంతు లేదనుకుంటుంది. గొంతు మారే వయసులో ఉన్న అబ్బాయిలకు శ్రుతి తగ్గించి, తారస్థాయి (పై స్వరాల) జోలికి పోకుండా, తాళం మీద, స్వరజ్ఞానం మీద సాధన చేయిస్తాం. ఆ కాలంలో పిల్లవాడు వెనకబడ్డాడని దయచేసి మానిపించవద్దు.

దసరాకల్లా ఒక కీర్తన పాడించమని చాలామంది అడుగుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు వినాలనుకోవడం సహజమే, అయినా మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) లయ తప్పకుండా అలంకారాలు (తాళాలకు కట్టిన స్వర వరుసలు) రానిదే మేము గీతాలకు (తొలి చిన్న పాటలకు) కూడా వెళ్లము.

అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవారికి ఒక్కొక్కరికే పాఠం ఉంటుంది, ఎందుకంటే వీడియో కాల్‌లో ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరు కలిసి పాడితే తాళం కుదరదు. జూమ్ వాడేవారు తరగతికి ముందు ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. లేకపోతే ఎడతెగకుండా మోగే తంబురా నాదాన్ని అది అనవసరపు రొదగా భావించి అణచివేయవచ్చు.

పెరిగిన ఫీజు భారమయ్యే కుటుంబాలవారు నాతో మాట్లాడండి, వారి పిల్లలకు పాత ఫీజే కొనసాగిస్తాం. ఈ పద్ధతి తమకు సరిపడదనుకునేవారు ముందుగా కట్టిన సొమ్ములో మిగిలినది తిరిగి తీసుకోవచ్చు.