వికీమీడియా ఫౌండేషన్ ట్రస్టీల బోర్డు అధ్యక్షులకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు నమస్కారం.

మీ సంస్థ నడిపే తెలుగు వికీపీడియాలో నేను రాస్తుంటాను. మా తగాదాలు రచ్చబండ అనే చర్చా పేజీలో అందరి ముందే తేలతాయి. నిర్వాహకులూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే, వాళ్లంటే నాకు గౌరవం. అయినా వాడుకరులను రాయకుండా నిరోధించే మీట చేతిలో ఉన్నవాళ్లను ప్రశ్నించే దారి తెరిచి ఉండాలి.

క్రొయేషియన్ వికీపీడియానే చూడండి. అక్కడ చరిత్రను వక్రీకరిస్తున్నారని 2013లోనే ఆ దేశ విద్యామంత్రి విద్యార్థులను హెచ్చరించారు. 2011 నుంచి 2020 దాకా కొందరు నిర్వాహకులు దాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారని మీ నివేదిక చెప్పింది 2021లో! ఆ మధ్యలో ఎదురు చెప్పి గెంటివేతకు గురైన వాడుకరులు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

2019లో మీరే ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుణ్ణి ఏడాదిపాటు నిషేధించి, ఆధారాలు బయటపెట్టలేదు. ఇరవై మందికి పైగా నిర్వాహకులు హోదా వదులుకున్నారు. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు దాచడం న్యాయమే. కానీ ఆరోపణ ఏమిటో తెలియని మనిషి జవాబేం చెప్పుకుంటాడు? చివరికి అక్కడి వాడుకరులు ఎన్నుకున్న మధ్యవర్తిత్వ సంఘం ఆ నిషేధాన్ని ఎత్తేసింది.

చాలా చిన్న భాషల వికీలకు అలాంటి సంఘం లేదు. నిరోధించినవారే అప్పీలు వింటే టెన్షన్‌తోనే సగం మంది రాయడం మానేస్తారు. అందుకే అడుగుతున్నాను: ప్రతి నిరోధానికీ రాతపూర్వక కారణం ఇవ్వాలి. అప్పీలును వేరే వ్యక్తి వినాలి, అదీ వాడుకరి భాషలోనే. నిర్వాహక హోదాకు గడువు పెట్టి, సముదాయం మళ్లీ ఓటేసే వీలుండాలి.

మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వండి.

ఇట్లు,
ఒక తెలుగు వికీపీడియా వాడుకరి