లూథర్ దగ్గరే ఆగిపోతే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం,

ప్రొటెస్టెంట్ ఉద్యమం అనగానే 1517, జర్మనీలోని విట్టెన్‌బర్గ్, కేథలిక్ చర్చి పద్ధతులను ప్రశ్నిస్తూ మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాలు, అక్కడితో ఆపేస్తున్నారు, మీ ఆదివారం వ్యాసం కూడా అంతే. మామూలు జనం ఇళ్లలో ఏం మారిందో కూడా రాయాలి కదండీ.

లూథర్ బాట పట్టిన స్వీడన్ సంగతే చూడండి. 1686లో అక్కడ చర్చి చట్టం తెచ్చారు, పిల్లలు, పాలేర్లు, పనమ్మాయిలు అందరూ చదవడం నేర్చుకోవాలి, దేవుడి ఆజ్ఞలు సొంత కళ్లతో చూసుకోవాలి అని. పల్లెల్లో బడులు పెద్దగా లేవు, ఇంట్లో పెద్దవాళ్లే నేర్పేవాళ్లు, పాస్టర్ వచ్చి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పరీక్ష పెట్టి ఎవరికెంత వచ్చో రిజిస్టర్లో రాసుకునేవాడు, క్యాటకిజం (ప్రశ్నలు-జవాబులుగా ఉండే మత పాఠం) రాకపోతే చర్చిలో ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) లేదు, పెళ్లికీ అడ్డే. బలవంతం ఉంది, కాదనను, అది నాకు నచ్చదు కూడా. కానీ దానివల్లే పేదింటి ఆడవాళ్లు కూడా మగవాళ్లతో పాటు చదవగలిగారు, అక్కడ ప్రాథమిక బడుల చట్టం వచ్చిందే 1842లో! రాయడం మాత్రం అప్పట్లో చాలామందికి వచ్చేది కాదు, ఎందుకంటే పాస్టర్ అడిగేది చదవడమే.

ఆ రిజిస్టర్లు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద ఒక మంచి వ్యాసం వేయించండి సార్.

ఇట్లు,
ఒక చరిత్ర టీచర్