ఆ కాగితం మీద సంతకం చెయ్యకమ్మా

చి.ల.సౌ. అమ్మాయికి,
నాన్న ఆశీస్సులు.

హాస్పిటల్ మేనేజరు గారు స్టాంపు పేపరు పట్టుకుని మన ఇంటికి వచ్చిన సంగతి అమ్మ నీకు ఫోనులో చెప్పే ఉంటుంది. సిజేరియన్‌లో నీ కడుపులో మిగిలిపోయిన గుడ్డను తీయడానికి చేసిన రెండో ఆపరేషను బిల్లు మొత్తం తామే కడతామనీ, ‘ఇకమీదట ఎటువంటి ఫిర్యాదు గానీ, క్లెయిము గానీ చేయబోము’ అన్న వాక్యం కింద నువ్వూ అల్లుడుగారూ సంతకాలు చేస్తే చాలుననీ ఆయన చెప్పారు. ఆ కాగితం నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నీకు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

డాక్టరమ్మ మనకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన మనిషి అనీ, డబ్బు కోసం కేసు వేశారని నలుగురూ అనుకుంటారనీ నువ్వు బాధపడుతున్నావు. ఆమె మంచితనాన్ని నేనూ కాదనను. పురిటికి పుట్టింటికి వచ్చిన నిన్ను ఆ నమ్మకంతోనే అక్కడ చేర్చాము. కానీ సిజేరియన్ చేసి కుట్లు వేసే ముందు, లోపల వాడిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్క చూసుకోవడం ఏ ఆపరేషను థియేటరులోనైనా తప్పనిసరి. ఆ లెక్క తప్పడం వల్ల మాప్ అనే గుడ్డ నీ కడుపులోనే ఉండిపోయి, చుట్టూ చీము పట్టి, పేగుకు అతుక్కుపోయింది. హైదరాబాదులో నీకు రెండోసారి ఆపరేషను చేసిన సర్జన్ గారు, చిన్నపేగు చివరి భాగాన్ని ఎంతమేర తొలగించవలసి వచ్చిందో కొలతతో సహా తన నోట్సులో రాశారు. ఇలాంటి క్లెయిములు వస్తాయనే చాలామంది డాక్టర్లు, ఆసుపత్రులు ముందుగానే బీమా పాలసీ తీసుకుని ఉంటారు. కాబట్టి పరిహారం అడిగితే ఆమె కుటుంబం రోడ్డున పడుతుందన్న భయం నీకు అక్కరలేదు.

మేనేజరు గారి కాగితంలో జరిగిపోయిన ఖర్చే ఉంది గానీ రాబోయే ఖర్చు ఊసే లేదు. పేగులో ఆ భాగం లేనివారికి బి12 విటమిన్ తిండి ద్వారా సరిగా ఒంటబట్టదు కనుక ఇంజక్షన్లు జీవితాంతం వేయించుకోవలసి రావచ్చు. పేగులు అతుక్కుని అడ్డుపడడం, కోత పెట్టిన చోట హెర్నియా రావడం వంటి ప్రమాదాలు ఏళ్ల తర్వాత కూడా ఉంటాయి. స్కూలులో గంటల తరబడి నిలబడి పాఠం చెప్పే నువ్వు ఇప్పుడు జీతం లేని సెలవులో ఉన్నావు. చంటిబిడ్డను ఎత్తుకోలేక మనిషిని పెట్టుకున్నావు. ఇవన్నీ ఎవరు భరించాలి?

ఈ లెక్క ఎలా వేయాలో సుప్రీంకోర్టు మన హైదరాబాదు కేసులోనే చూపించింది. ప్రశాంత్ ధనంకా అనే ఇంజనీరింగ్ విద్యార్థికి 1990లో నిమ్స్‌లో ఛాతీలోని గడ్డకు ఆపరేషను చేశారు. అతడు ఒప్పుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికి మాత్రమే కాగా, గడ్డ మొత్తం తీసేశారు. వెన్నుకు దగ్గరగా ఉన్న గడ్డ అయినా న్యూరోసర్జన్‌ను తోడు పెట్టుకోలేదు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో 15.5 లక్షల రూపాయలు ఇప్పించింది. ఆయన సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నారు. 2009లో కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచి, 6 శాతం వడ్డీ కూడా వేసింది. ఆ కోటి గాలిలోంచి తీసిన అంకె కాదమ్మా. డ్రైవరుకు, నర్సుకు, ఫిజియోథెరపిస్టుకు రాబోయే 30 ఏళ్లలో ఎంతవుతుందో విడివిడిగా గుణించి, పోయిన సంపాదననూ, పడిన బాధనూ వాటికి కలిపారు. మనమూ అలాగే, ఒక్కొక్క పద్దుకూ బిల్లో, డాక్టరు చీటీయో చూపిస్తూ అడుగుదాం.

నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది గడువు. వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు కేసు వేయాలి. గుడ్డ బయటపడిన రోజు నుంచి లెక్క కదా అని నువ్వు అనుకోవచ్చు. కానీ ఈ కేసు చూడు: గోవాలో నర్సుగా పనిచేసే ఒకామెకు 1993లో పిత్తాశయం ఆపరేషను జరిగింది. కడుపులో మిగిలిన గాజుగుడ్డ 2002లో బయటపడింది. ఆమె 2004లో కేసు వేశారు. అన్నేళ్లు నొప్పి పడుతూ, నర్సు అయి ఉండి కూడా, ముందే పరీక్ష చేయించుకోలేదు గనుక గడువు దాటిపోయిందని 2010లో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును కొట్టివేసింది. ఆ తీర్పు చదివి నాకు మనసు కలుక్కుమంది. అందుచేత మనం సిజేరియన్ జరిగిన తేదీ నుంచే లెక్క పెట్టుకుందాం. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

కేసు షీటు నకలు అడిగితే, రికార్డు రూములో వెతికించాలని అన్నారు ఆ మేనేజరు గారే. రోగి గానీ, రోగి అనుమతి పొందినవారు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. నాకు అనుమతిస్తూ నీ సంతకంతో ఒక లేఖ పంపు. ఆపరేషను నోట్సు, మత్తు చార్టు, నర్సుల నోట్సు, గుడ్డల లెక్క రాసిన షీటు, అన్నీ పేరుపేరునా రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంటాను. రెండో ఆపరేషనులో తీసిన గుడ్డ గురించిన ల్యాబు రిపోర్టు నీ దగ్గరే ఉంది. దాని అసలు ప్రతి ఎవరికీ ఇవ్వకు.

కేసు ఇక్కడే వేయనక్కరలేదు. నువ్వు ఉంటున్న హైదరాబాదులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాక ఆసుపత్రికి కట్టిన సొమ్మును బట్టి ఉంటుంది. అది 5 లక్షల లోపే కనుక ఫీజు కూడా లేదు. ప్రతి కేసులోనూ మరో డాక్టరు సాక్ష్యం కావాలన్న పట్టు పట్టనక్కరలేదని 2010లో, వైద్యంలో నిర్లక్ష్యంపై కిషన్‌రావు అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో గుడ్డ మిగలడం తనంతట తానే మాట్లాడే సాక్ష్యం. అయినా ఆ సర్జన్ గారి అభిప్రాయం రాతలో తీసుకుంటే మంచిది. పోలీసు కేసు గురించి అల్లుడుగారు అడిగారు. దానికి చాలా తీవ్రమైన నిర్లక్ష్యం రుజువు కావాలి, దానివల్ల నీ మందులకు డబ్బు రాదు. ప్రస్తుతానికి వద్దని నా అభిప్రాయం.

శనివారం అమ్మా నేనూ వస్తున్నాము; సోమవారం లాయరు గారిని కలుద్దాం. ఈలోగా మేనేజరు గారు నీకు నేరుగా ఫోను చేస్తే, ఏదైనా రాతపూర్వకంగా నాన్నకు పంపండని మర్యాదగా చెప్పి పెట్టెయ్యి.

ఇట్లు,
నాన్న