పాటలకో బ్యాటరీ, ఇంజిన్‌కో బ్యాటరీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం అనుబంధంలో షికారు పడవల్లో పెద్ద స్టీరియో పెట్టుకోవడం గురించి మీరు వేసిన ఆర్టికల్ చదివానండి. స్పీకర్ల గురించి బాగానే రాశారు, కానీ కరెంటు సంగతికి వచ్చేసరికి సౌండ్ పడిపోతుంటే ఉన్న బ్యాటరీ పక్కన ఇంకోటి పారలల్‌గా, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపేస్తే సరి అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడ ఆగిపోయాను, ఎందుకంటే అచ్చం అదే పని చేసి నీళ్ల మధ్యలో మూడు గంటలు గుడ్లు మిటకరిస్తూ కూర్చున్నవాణ్ణి నేను.

ఆరోజు లంగరేసి ఇంజిన్ ఆపేశాం. స్పీకర్లకి పవర్ ఇచ్చే 1000 వాట్ల యాంప్ (యాంప్లిఫయర్), సీటు కింద బేస్, అంటే దరువు మోగించే సబ్‌వూఫర్, పైన పైపుకి నాలుగు స్పీకర్లు, పిల్లలు ఈత కొడుతున్నారు, పెద్దాళ్లం పాటలు పెట్టుకుని కూర్చున్నాం, రెండు బ్యాటరీలున్నాయి కదా అని ధీమా. రెండు గంటలు గడిచాక దరువు పడినప్పుడల్లా డాష్‌బోర్డ్ లైటు కునికిపాట్లు పడుతున్నట్టు మసకబారడం మొదలైంది, నేను చూశాను కూడా, చూసి ఏదో లూజ్ కనెక్షన్ అనుకున్నాను. కాసేపటికి సబ్‌వూఫర్ గొంతు బొంగురుపోయింది, ఆ తర్వాత యాంప్ దానంతటదే ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. సరే పోదాం పదండి అని తాళం తిప్పితే టక్, టక్ టక్ టక్, అంతే. సెల్ఫ్ తీసుకోలేదు. రెండూ ఒకే తాడుకి కట్టేసినట్టు ఉన్నాయి కాబట్టి రెండూ ఒకేసారి పడుకున్నాయి. చివరికి ఎవరో ఇంకో పడవ వాళ్లు వచ్చి తాడేసి లాక్కెళ్లారు, దారి పొడవునా మా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నాకు దానికే ఎక్కువ భయమేసింది.

తర్వాత కాగితం మీద లెక్కేసుకుంటే సిగ్గేసింది, చిన్న లెక్కే అది. 1000 వాట్లు నిజంగా బయటికి ఇచ్చే క్లాస్ డి యాంప్, అంటే కరెంటు తక్కువ వృథా చేసే రకం, ఉందనుకోండి, అది తీసుకున్న కరెంటులో ఓ 80 శాతం సౌండ్ వైపు పంపి మిగతాది వేడి చేసి పారేస్తుంది, అంటే బ్యాటరీ నుంచి 1250 వాట్లు లాగాలి, 12.5 వోల్టుల మీద అది 100 ఆంపియర్లు. పాట ఎప్పుడూ ఫుల్‌గా మోగదు, దరువుకీ దరువుకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గట్టిగా పెట్టినా సగటున మూడో వంతు అనుకుందాం, 30 ఆంపియర్ల పైమాటే. మూడు గంటలకి 100 ఏహెచ్ (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చేది) దగ్గరికొచ్చేస్తాం. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందకి దింపితే దాని ఆయుష్షు తినేస్తున్నట్టే, కాబట్టి 100 ఏహెచ్ అని రాసున్నదాంట్లో మనం వాడుకోగలిగేది 50. అది కూడా 20 గంటల మీద 5 ఆంపియర్ల చొప్పున నిదానంగా తీస్తే వచ్చే లెక్క, 30, 40 లాగుతుంటే ఇంకా తక్కువే వస్తుంది. అంటే ఒక మధ్యాహ్నం పాటలకే రెండు పెద్ద బ్యాటరీలు కావాలి, ఇంజిన్‌ది కాక!

ఆ ఇంజిన్‌ది కాక అన్నదే మీ ఆర్టికల్‌లో లేదండి. స్టార్టింగ్ బ్యాటరీలో ప్లేట్లు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, సెకను రెండు సెకన్లు భారీ కరెంటు ఇచ్చి మళ్లీ చార్జింగ్ ఎక్కించుకోవడానికి పుట్టింది అది, గంటల తరబడి పిండితే త్వరగా నీరసపడిపోతుంది. పాటలకి కావాల్సింది మందం ప్లేట్లున్న, గంటల తరబడి వాడుకోవడానికి చేసిన డీప్ సైకిల్ బ్యాటరీ. రెంటినీ ఎప్పుడూ కలిపి ఉంచకూడదు, మధ్యలో వోల్టేజ్ చూసి దానంతటదే పనిచేసే స్విచ్, అంటే రిలే ఒకటి పెట్టాలి. ఇంజిన్ తిరిగి చార్జింగ్ వోల్టేజ్ సుమారు 13.3 దాటాక అది రెంటినీ కలుపుతుంది, ఇంజిన్ ఆపాక 12.8 దగ్గరికి పడితే విడదీస్తుంది, మనం ఏ స్విచ్చూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాకు చేత్తో తిప్పే స్విచ్ మీద నమ్మకం లేదు, స్విచ్ మీద కాదులెండి, నా మీద.

ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే దాంతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూసుకుంటుందిగా అంటారు కొందరు. ఆల్టర్నేటర్ మీద రాసున్న ఆంపియర్లు స్పీడ్ మీద ఇచ్చేవి, పడవ కదలకుండా ఇంజిన్ నిదానంగా తిరిగే ఐడ్లింగ్‌లో అందులో చాలా తక్కువే వస్తాయి, పైగా వెనకాల పిల్లలు ఈదుతుంటే ఇంజిన్ ఆన్‌లో ఉంచడం ఏంటండీ, ప్రొపెల్లర్ అక్కడే ఉంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంది.

ఇక వాట్ల గొడవ. డబ్బా మీద 2000 వాట్స్ అని పెద్దక్షరాలతో ఉంటుంది, యాంప్ పక్కకి తిప్పి చూస్తే 40 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది. 40ని 14 వోల్టులతో గుణిస్తే 560, అందులో 80 శాతం అంటే దాదాపు 450, గంటల తరబడి అది ఇవ్వగలిగింది అంతే. కొనేముందు డబ్బా కాదు, ఫ్యూజ్ చదవండి.

అసలు అన్ని వాట్లు ఎందుకు కావాల్సి వస్తోందంటే, కారులో తలుపులేసుకుంటే నాలుగు వైపులా గోడలు బేస్‌ని పట్టి ఉంచుతాయి, పడవలో గోడల్లేవు, సౌండ్ ఆకాశంలోకి పోతుంది, దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకని జనం యాంప్ పెంచుకుంటూ పోతారు. కానీ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త పెరిగిందా అనిపిస్తుంది, అంతే, బ్యాటరీ మాత్రం రెట్టింపు ఖాళీ. అదే స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ అని రాసుంటుంది చూడండి, ఒక వాట్‌కి 88 డెసిబెల్స్ ఇచ్చేది తీసి 94 ఇచ్చేది పెడితే అంతే సౌండ్‌కి పావు వంతు కరెంటు చాలు. నేను ముందు ఇది తెలుసుకుని ఉంటే అంత పెద్ద యాంప్ కొనేవాణ్ణే కాదు.

వైర్ల గురించి మీరు ఒక్క లైను రాశారు, మందం వైరు వాడండి అని. ఎంత మందం? బ్యాటరీ వెనకాల, యాంప్ ముందు, మధ్యలో 5 మీటర్లు అనుకోండి. కారులో అయితే మైనస్‌ని బాడీకి బిగించేస్తారు, ఫైబర్ పడవకి అలా బిగించే బాడీ ఎక్కడుంది, మైనస్ వైరు కూడా బ్యాటరీ దాకా వెనక్కి రావాలి, కాబట్టి మొత్తం 10 మీటర్లు. 25 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 100 ఆంపియర్లు పారితే దారిలోనే 0.7 వోల్టు పోతుంది, 70 వాట్లు వైరు వేడెక్కడానికే. 50 స్క్వేర్ ఎంఎం అయితే అందులో సగం. చవగ్గా వస్తోందని అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు అంటగడతారు, నీళ్ల తడికి అది లోపల్లోపలే పొడైపోతుంది, తగరం పూత ఉన్న అసలు రాగి తీగే తీసుకోవాలి. నా పాత వైరు చివర బిగించే లగ్గు దగ్గర తొడుగు చీల్చి చూస్తే లోపల తీగలు పచ్చగా కిలుం పట్టి ఉన్నాయి, వేళ్లతో నలిపితే రాలిపోయాయి, పైనుంచి చూస్తే మాత్రం కొత్త వైరే.

ఫ్యూజ్ యాంప్‌లో ఉందిగా అని వదిలేయకండి. అది యాంప్‌ని కాపాడటానికి. బ్యాటరీ నుంచి యాంప్ దాకా ఉన్న ఆ 5 మీటర్ల ప్లస్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని మైనస్‌కి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి, ఆపేవాడు ఉండడు. అందుకే ప్లస్ టెర్మినల్ నుంచి మామూలుగా 7 అంగుళాల లోపు ఇంకో ఫ్యూజ్ ఉండాలన్నది అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ పెట్టిన లెక్క. పడవ అడుగున పెట్రోల్ ఆవిరి చేరుతుంది, చార్జింగ్‌లో లెడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. కాబట్టి బ్యాటరీ డబ్బాకి గాలి ఆడాలి, రిలేలూ స్విచ్‌లూ రవ్వ బయటికి రానివి అయ్యుండాలి.

లిథియం పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు, బరువు సగం కన్నా తక్కువ, రాసున్న ఏహెచ్‌లో చాలా భాగం వాడుకోవచ్చు. కాకపోతే దాన్ని తిన్నగా ఆల్టర్నేటర్‌కి కలిపితే అది ఆబగా లాగి ఆల్టర్నేటర్‌ని కాల్చేయొచ్చు, మధ్యలో కరెంటుని హద్దులో ఉంచి చార్జ్ చేసే డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి.

నేనిప్పుడు స్టీరింగ్ పక్కన పాటల బ్యాటరీకి ఒక వోల్ట్‌మీటర్ పెట్టుకున్నాను. పాట మోగుతుండగా కనపడే అంకె నమ్మను, ఆపేసి ఓ పదీ పదిహేను నిమిషాలు ఆగి చూస్తాను, 12.7 అయితే దాదాపు నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం అయిపోయినట్టు, ఇక ఆరోజుకి పాటలు బంద్, పిల్లలు ఎంత గొడవ చేసినా సరే.

మీరు వచ్చే ఆదివారం ఆ పారలల్ ముక్క ఒక్కటి సరిచేసి, పక్కన చిన్న వైరింగ్ బొమ్మ వేయండి, రెండు బ్యాటరీలు, మధ్యలో రిలే, ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజ్ కనపడేలా. ఆర్టికల్ చూసి ఈపాటికే ఎవరో ఒకరు రెండో బ్యాటరీ కలిపేసి ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు