గంగ ఒడ్డు ఊళ్లంటే మునిగి వచ్చుడేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గోదావరి (మేం గంగ అనేది దీన్నే) ఒడ్డు ఊళ్ల గురించి అరపేజీ వేశారు. ఎవరైనా పెద్దలు జవాబు రాస్తారేమోనని వారం చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మీ రచయిత లెక్క ప్రకారం హనుమకొండలో పొద్దున్నే బయల్దేరాలి. కాళేశ్వరంలో మునగాలి, దర్శనం చేసుకోవాలి, మేడిగడ్డ బరాజ్ దగ్గర ఫొటో దిగాలి, మాపటికల్లా ఇల్లు చేరాలి. ధర్మపురికి రెండు వాక్యాలు దక్కాయి. మంథని పేరు లేదు, కోటిలింగాల ఊసే లేదు. ముప్పై ఏండ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాడిని, చదివి ఊరుకోలేకపోయాను.

కోటిలింగాల సంగతే ముందు చెబుతాను. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న ఊరది. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడి నాణేలు దొరికింది అక్కడే. అంతకుముందు ఏలిన గోబద, నరన, కంవాయ, సమగోపుల నాణేలు కూడా ఆ మట్టిలోనే బయటపడ్డాయి. తెలంగాణ చరిత్ర శాతవాహనులతో మొదలైందని పోటీ పరీక్షల పిల్లలంతా బట్టీ పడతారు. పరీక్ష రాసిన పిల్లవాడు ఆ ఊరు చూద్దామని వస్తే చూపించేదెవరు? నేను మా మనవడిని తీసుకపోయినప్పుడు నాణేల కనీసం నకళ్లయినా పెట్టిన గది ఒక్కటీ కనబడలేదు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు అక్కడిదాకా వచ్చి పాతూరి దిబ్బలో కొంత భాగాన్ని ముంచేశాయి. ఒడ్డున మట్టి కోసుకుపోయిన చోట మూరెడు పొడవు పాత ఇటుక ఒకటి సగం బయటికి వచ్చి ఉంది. వాడు చేత్తో కొలిచి, "తాతా, గింత పెద్దగ ఎందుకు చేసిండ్రు?" అని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. ఆ పక్కనే ఒక బోర్డు ఉంటే నేను లేకున్నా వాడికి తెలిసేది కదా!

ఇక కాళేశ్వరం. ఈ పేరు పత్రికల్లో రాని రోజు లేదు, కానీ వచ్చేదంతా బరాజ్ గురించే. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఆ గొడవ తేలాల్సిందే, కాదనను. కానీ ఊరేం పాపం చేసింది? ఒకే పానవట్టం మీద యముడి పేర కాళేశ్వరలింగం, శివుడి పేర ముక్తీశ్వరలింగం ఉన్న గుడి అది. ముక్తీశ్వరలింగం రంధ్రాల్లో పోసిన నీళ్లు లోపలి దారిన సంగమానికి చేరతాయని మన పెద్దల నమ్మకం. దర్శనం అయ్యాక వెంటనే కారెక్కకుండా ఒక పూట సంగమం దగ్గర కూర్చోండి. అటు నుంచి ప్రాణహిత ఎంత వెడల్పుగా వచ్చి మన గంగలో కలుస్తుందో కళ్లారా చూడండి. వంతెన దాటితే సిరోంచ, అంటే మహారాష్ట్ర. అక్కడి బజారులో కూడా తెలుగే వినబడుతుంది.

తిరుగుదారిలో మహదేవపూర్‌లో ఆగి దసలి పట్టు మగ్గాలు చూడమని మీ రచయిత ఒక్క మాట రాస్తే ఆయన సొమ్మేం పోయేది? అడవిలో మద్దిచెట్ల మీద పెరిగిన పురుగు కట్టిన కాయ నుంచి ఆడవాళ్లు దారం తీస్తారు. తేనెరంగులో ఉండే ఆ దారానికి అద్దకం కూడా అక్కర్లేదు. హైదరాబాద్ దుకాణంలో కొనే చీరను అక్కడ నేసినవాళ్ల చేతి నుంచే కొనవచ్చు.

కాటారం దగ్గర మళ్లితే మంథని. వేదం చదువుకున్న కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరు. పీవీ నరసింహారావును 1957 నుంచి 1977 దాకా శాసనసభకు పంపింది ఈ ఊరే. పాత భవంతి ఇండ్లు ఒకటొకటిగా కూలగొట్టి స్లాబులు పోసుకుంటున్నారు. ఇంటివాళ్లను తప్పుపట్టను, పాత ఇల్లు నిలబెట్టడమంటే మాటలు కాదు, ఖర్చు. మిగిలినవైనా ఇప్పుడే చూడాలి, ఫొటోలైనా తీసి పెట్టాలి. ధర్మపురికి పోతే యమపురి ఉండదని మనవాళ్ల సామెత. అక్కడికి పోయినవాళ్లు నరసింహస్వామి దర్శనం తర్వాత యమధర్మరాజు గుడి, బ్రహ్మ పుష్కరిణి కూడా చూసి రావాలి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరది, ఆ సంగతి పిల్లలకు చెప్పాలి.

ఇన్ని ఉన్నా జనం మునిగి వెళ్లిపోతున్నారంటే కారణం ఉంది. 2016కు ముందు ధర్మపురి, కోటిలింగాల, మంథని, కాళేశ్వరం అన్నీ ఒక్క కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి అని మూడు జిల్లాలయ్యాయి. నది ఒక్కటే, ఒడ్డు ఒక్కటే. కానీ ఒక ఊళ్లో అడిగితే పక్క ఊరు మా జిల్లా కాదంటారు. ఈ ఊళ్లన్నీ కలిపి చూపించే పటం నాకైతే ఏ ఆఫీసులోనూ దొరకలేదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒడ్డు వెంట పోదామంటే నేరుగా బస్సు దొరకదు, రెండు చోట్ల మారాలి.

ఒడ్డున పరిస్థితి కూడా రాయక తప్పదు. పేరు చెప్పను గానీ ఒక ఊళ్లో ఘాట్ దగ్గర ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి తాళం వేసి ఉంది. తాళం తుప్పు పట్టింది. ఇద్దరు ముసలమ్మలు పాత చీర అడ్డం పట్టుకుంటే లోపల కోడలు తడిబట్ట విప్పుకుంది. మా ఇంటావిడ కూడా అట్లనే మార్చుకుంది. పక్కనే నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీ మాత్రం కొత్తగా మెరుస్తోంది. ఆ ఫ్లెక్సీ పైసలతో తాళం తీసి, గది ఊడ్చే మనిషికి జీతం ఇయ్యరాదా? ఇసుక తోడిన గుంతలు నీళ్ల కింద కనబడవు. ఈత రాని పిల్లలను తల్లిదండ్రులు వాటిలోకే దింపుతున్నారు. ఎక్కడ లోతో చెప్పే తాడు, జెండా, మనిషి, ఏదో ఒకటి ఉండాలి. ఆ మాటకొస్తే మనవాళ్లూ తక్కువేం కాదు. మునిగిన తర్వాత విడిచిన బట్టలు నీళ్లలోనే వదిలి పోతారు.

2015 గోదావరి పుష్కరాలకు, 2022 ప్రాణహిత పుష్కరాలకు, 2025 మేలో సరస్వతి పుష్కరాలకు హడావిడి చూశాం. పన్నెండు రోజులు షామియానాలు, ఆ తర్వాత అడిగేవాడు లేడు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఈసారైనా ఖర్చులో కొంత నిలిచి ఉండే పనులకు పెట్టాలి. కోటిలింగాలలో నాణేల గది, ప్రతి ఘాట్‌కు ఏడాది పొడుగునా తెరిచి ఉండే బట్టల గది, మూడు జిల్లాలు కలిసి వేసే ఒక పటం, ధర్మపురి నుంచి కాళేశ్వరం దాకా మంథని మీదుగా పొద్దునొకటి మాపొకటి బస్సు. వీటికి కోట్లు అక్కర్లేదు.

మీ అనుబంధంలో ఇంకో అరపేజీ ఇచ్చి కోటిలింగాల, మంథని గురించి వేయమని కోరుతున్నాను. రాసే పిల్లవాడిని ముందు ఆ ఊళ్లకు పంపండి. ఒక రాత్రి అక్కడే ఉండి రమ్మనండి.

– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ